మొదటి వారాంతం మగ్గం ఎక్కించకుండా ఇక్కత్ నేర్పిన బ్యాచ్: ఒక కేస్ స్టడీ

వీకెండ్ క్లాసు కోసం ఫోన్ చేసేవాళ్ళు దాదాపు అందరూ మొదట అడిగేది "మగ్గం మీద ఎప్పుడు కూర్చోబెడతారు?" అనే. అడగడంలో తప్పేం లేదు. చేనేత అనగానే మగ్గమే కళ్ళముందుకు వస్తుంది, ఫోటో కూడా అక్కడే బాగా వస్తుంది. కానీ ఇక్కత్ బట్టలో డిజైన్ మగ్గం దాకా ఆగదు. నూలు ఆసు మీద, అంటే నూలు పోసే మేకుల చట్రం మీద ఉండగానే, రంగు పట్టకూడని చోట కట్టు కట్టి రంగులో ముంచగానే అది తయారైపోతుంది. ఆ తర్వాత నేతగాడు చేసేది దాన్ని చెదరనీయకుండా బట్టలోకి దించడం. అందుకని నా క్లాసుల్లో మొదటి వారాంతం ఎవరినీ మగ్గం ఎక్కనివ్వను. ఈ మాట ఫోన్‌లోనే చెప్పేస్తాను. కొందరు అక్కడే ఆగిపోతారు.

నేను చేనేత ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇప్పుడు డిజైన్, ట్రైనింగ్ పనులు చూసుకుంటున్నాను. చౌటుప్పల్ మండలం కొయ్యలగూడెం వైపు ఒక నేత కుటుంబం ఇంట్లో శని, ఆదివారాల్లో ఈ క్లాసులు పెడతాను. ఒకప్పుడు ఇదంతా నల్లగొండ జిల్లానే, 2016లో కొత్త జిల్లాలు వచ్చాక యాదాద్రి భువనగిరిలో కలిసింది. హైదరాబాద్–విజయవాడ హైవేకు దగ్గర కాబట్టి అటువాళ్ళూ ఇటువాళ్ళూ బస్సులోనే వచ్చిపోతారు. ఇప్పుడు రాస్తున్నది ఏడుగురు వచ్చిన ఒక బ్యాచ్ సంగతి. రెండు వారాంతాలు, మధ్యలో ఒక వారం ఖాళీ. ఇది రాయడానికి కారణం మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక టైలరక్క. ఇలాంటి క్లాసుతో ఒక మనిషికి ఏం ఒరుగుతుందో, ఏం ఒరగదో ఆమె విషయంలో చాలా స్పష్టంగా కనబడింది.

ఎవరెవరు వచ్చారు

టైలరక్కకు సొంత షాపు ఉంది, బ్లౌజులు ఎక్కువ కుడుతుంది. చీర నేయడం నేర్చుకుని ఇంట్లో మగ్గం పెట్టుకోవాలని వచ్చింది. నల్లగొండ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన్ను భార్య పంపించింది, "ఇంట్లో ఉంటే టీవీ ముందు నుంచి లేవరు" అని. హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ చేసే భార్యాభర్తలు. నకిరేకల్ అమ్మాయి ఒకరు, ఇంజనీరింగ్ మూడో ఏడు. మిగిలిన ఇద్దరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు. వాళ్ళకు నిజానికి గద్వాల చీర మీద మనసు. గద్వాలలో ఒళ్ళు నూలుది, అంచు, కొంగు పట్టువి. ఆ రెంటినీ కుప్పడం పద్ధతిలో పోగుకు పోగు ముడివేస్తూ నేయాలి. అది రెండు రోజుల్లో చూపించగలం తప్ప నేర్పలేం అని చెప్తే, "సరే, ముందు ఇక్కడ మొదలుపెడతాం" అన్నారు.

నేర్పేవాళ్ళు ఆ ఇంటి పెద్దాయన, పెద్దమ్మ. పెద్దాయన మగ్గం మీద, పెద్దమ్మ ఆసు, కట్టు దగ్గర. మొదటి పూట ఏ సందేహం వచ్చినా అందరూ పెద్దాయన వైపు తిరిగి అడిగేవారు. ఆయన మొహమాటంగా "నాకు దెల్వదు, ఆమెను అడుగుండ్రి" అని మళ్ళీ మగ్గం వైపు తిరిగేవారు. ఇక్కత్ ఇళ్ళలో పని ఎట్లా పంచుకుంటారో తెలియని వాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. బయట పేరు నేతగాడిది. లెక్క తప్పకుండా చూసేది ఆడవాళ్ళు.

ఏం పెట్టుకున్నాం

పేక ఇక్కత్ ఒక్కటే, అంటే అడ్డంగా నేసే పేక నూలుకే కట్టు, రంగు. పడుగు, అంటే నిలువు పోగులు, మామూలు తెల్లది, మగ్గం మీద ముందే ఎక్కించి ఉంటుంది. పడుగు కూడా కట్టి రంగు వేయాలంటే రెండు వారాంతాలు సరిపోవు. ఇక పడుగు, పేక రెండూ కట్టి, రెంటి గుర్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చునేలా నేసే డబుల్ ఇక్కత్ మాట ఎత్తకపోవడమే మంచిది. ఆ పని చూడాలనుకున్నవాళ్ళను రెండో శనివారం మధ్యాహ్నం పుట్టపాకకు తీసుకెళ్ళాం. అక్కడి డబుల్ ఇక్కత్ తేలియా రుమాలుకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో మళ్ళీ మళ్ళీ నానబెట్టి ఆరబెట్టడానికే వారాలు పడుతుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు (GI) వచ్చాక అడిగేవాళ్ళు పెరిగారు. వీకెండ్‌లో తేలియా నేర్పుతామని ఎవరైనా అంటే నమ్మకండి.

మాకు కావలసిన బట్ట మగ్గం మీద 20 అంగుళాల పన్నా (వెడల్పు), కుషన్ కవర్‌కు సరిపోయేంత. 2/60 నూలు, అంటే రెండు సన్న పోగులు కలిపి పేనింది. డిజైన్ గ్రాఫ్ కాగితం మీద గీసిన ఒక డైమండ్, మెట్లు మెట్లుగా ఉండేది.

లెక్క ఇది. ఆ బట్టలో అంగుళానికి 48 పేక పోగులు పడతాయి. ఆరు పోగులను ఒక పాయగా తీసుకుంటే పాయ ఒక్కింటికి అంగుళంలో ఎనిమిదో వంతు. గ్రాఫ్ మీద ఒక గడి అంటే ఒక పాయ. డైమండ్ 16 గళ్ళ ఎత్తు ఉంటే బట్ట మీద రెండంగుళాలు వస్తుంది. గడి వెడల్పు కూడా అంగుళంలో ఎనిమిదో వంతే పెట్టుకోవాలి. లేకపోతే డైమండ్ సాగిపోయో, నొక్కుకుపోయో వస్తుంది. ఇదే డైమండ్ బట్ట పొడుగునా పది సార్లు రావాలంటే పదిసార్లు కట్టనక్కర్లేదు. ఆరు పోగుల చోట 60 పోగులు ఒకే పాయలో తీసుకుని ఒకేసారి కడతాం. ఇక్కత్‌లో కూలి గిట్టుబాటు అయ్యేది ఇక్కడే. ఒక్క పీస్ కోసం కట్టినా, పది పీసుల కోసం కట్టినా కట్టే శ్రమ దాదాపు ఒకటే. ఈ సంగతి తర్వాత టైలరక్కకు బాగా పనికొచ్చింది.

మాస్టారికి ఈ లెక్క చెప్పగానే కళ్ళు వెలిగాయి. కాసేపటికి ఆయనే పెద్దమ్మను పట్టుకున్నారు. "డైమండ్‌లో ఒకటో వరస, పదహారో వరస ఒకటే కదమ్మా. రెండూ కలిపి కట్టేస్తే పని సగమవుతుంది." పెద్దమ్మ నవ్వింది. "కట్టేటప్పుడు మంచిగనే ఉంటది సారూ. ఇప్పినంక కండెలు సుట్టేటప్పుడు ఏ పోగు ఒకటో దానిది, ఏ పోగు పదహారో దానిదని ఎవలు ఏరుతరు? మాకంటే అలవాటు. మీకిప్పుడే వద్దు." (కండెలంటే పేక నూలు చుట్టుకునే చిన్న గొట్టాలు.) ఆయన ఒప్పుకున్నారు గానీ, సాయంత్రం దాకా ఆ ఏరే పని ఎట్లా తేలిక చేయొచ్చో గ్రాఫ్ మీద గీస్తూనే ఉన్నారు.

ఆసు దగ్గర

ఆసు చూడనివాళ్ళ కోసం: ఒక పక్క ఒంటి మేకు. దానికి ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. నూలును ఒంటి మేకు నుంచి ఎదుటి మేకుకు, మళ్ళీ వెనక్కి, ఆ పక్క మేకుకు, మళ్ళీ వెనక్కి తిప్పుతూ పోవాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి ఇట్లా సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి ఈ పనితో పడే భుజం నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేసిన సంగతి తెలిసిందే. 2017లో పద్మశ్రీ వచ్చింది. మా క్లాసు జరిగే ఇంటికి రెండిళ్ళ అవతల ఆ రకం యంత్రం ఒకటి కరెంటు మీద తిరుగుతూ ఉంటుంది. దాన్ని చూసొచ్చిన సాఫ్ట్‌వేర్ తమ్ముడు "అది ఉండగా మేమెందుకు చేత్తో పోయాలి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. రోజూ చేసేవాళ్ళకు యంత్రమే కావాలి, అందులో సందేహం లేదు. నేర్చుకునేవాళ్ళకు మాత్రం చేత్తో పోస్తేనే ఒక విషయం ఒంటికి తెలుస్తుంది: నూలు బిగింపు.

ఈ బిగింపే టైలరక్క డైమండ్‌లో తప్పు తెచ్చింది. పొద్దున ఉత్సాహంగా ఉన్నప్పుడు ఆమె నూలు బాగా లాగి పోసింది. భోజనం చేసి వచ్చాక చెయ్యి వదులైంది. ఆసు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. గీతలు గీసి, కట్టు కట్టినప్పుడూ తేడా తెలియదు. మేకుల మీద నుంచి తీశాక బిగుతుగా పోసిన నూలు కొంచెం దగ్గరకు లాక్కుంటుంది, వదులుది అట్లాగే ఉంటుంది. అంటే డిజైన్ పై సగం పోగులు ఒక పొడవు, కింది సగం ఇంకో పొడవు. ఇది తేలింది వారం తర్వాత, మగ్గం మీద. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

కొలతల గురించి ఇంకొక మాట. ఇక్కడ మూడు కొలతలుంటాయి. పన్నెలో (పడుగు పోగులను విడదీసి పట్టే, పేకను కొట్టే దువ్వెన లాంటిది) పడుగు వెడల్పు ఒకటి, బట్టగా దిగాక వెడల్పు ఒకటి, ఆసు మీద నూలు పొడవు ఒకటి. మా బట్ట పన్నెలో 20 ఉంటే దిగేసరికి 19 దగ్గరికి వస్తుంది. ఆసు కొలత పన్నె కంటే కాస్త ఎక్కువే పెడతాం. మిగిలింది అంచు బయట చిన్న చిన్న ఉచ్చుల్లా ఉండిపోతుంది. నేసేటప్పుడు గుర్తు జరిగితే ఆ ఉచ్చును లాగో, వదిలో సరిచేసుకోవచ్చు. ఇక్కత్ చీర అంచు వెంట వేలు పెట్టి చూస్తే అక్కడక్కడా ఇవి తగులుతాయి. నేత సరిగా లేదని కొందరు వాటిని కత్తిరించేస్తుంటారు. వద్దు.

ఇంకొకటి, నూలును ఆసు మీదికి ఎక్కించకముందే ఉడకబెట్టి తీరాలి. పచ్చి నూలుకు మైనం లాంటి జిడ్డు ఉంటుంది, రంగు పట్టదు. పైగా తడి తగిలితే నూలు కుదించుకుపోతుంది. కట్టేశాక కుదించుకుపోతే డిజైన్ మొత్తం ఇరుకవుతుంది. ముందే సోడా, సబ్బు వేసి ఉడికించిన చిలపలే (నూలు చుట్టలే) క్లాసుకు ఇస్తాం.

కట్టు

సైకిల్ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి దాంతో కడతారు. దారంతో కట్టడం కంటే ఇది నయం. సాగదీసి చుడితే తనంతట తనే బిగుసుకుంటుంది, విప్పేటప్పుడు నూలు తెగదు. చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా, గీత దగ్గర మొదలుపెట్టి గీత దగ్గరే ఆపాలి. ఆఖరి చుట్టు కింద నుంచి పట్టీ కొసను మడతపెట్టి దూర్చేస్తే, విప్పేటప్పుడు లాగితే చాలు, ఊడి వస్తుంది.

కొత్తవాళ్ళందరూ కట్టు మధ్యలో గట్టిగా చుడతారు, కొసల్లో వదిలేస్తారు. రంగు లోపలికి వెళ్ళేది కొసల్లోంచే. పెద్దమ్మ ఎవరి పాయనైనా చేతిలోకి తీసుకుని కట్టు కొస మీద బొటనవేలి గోరు పెట్టి నెడుతుంది. పట్టీ కదిలిందా, "ఇప్పు బిడ్డా" అంటుంది. ఇంకో మాట ఉండదు. నకిరేకల్ అమ్మాయి మొదటి గంటంతా కట్టడం, విప్పడమే. ఏడుపు మొహం పెట్టింది కూడా. ఆ తర్వాత ఆమె కట్టిన దానిమీద గోరు పెట్టి పెద్దమ్మ ఏమీ అనకుండా పక్క పాయ తీసుకుంది. అమ్మాయి నా వైపు చూసి కళ్ళెగరేసింది.

గీత మీద సరిగ్గా ఆపినా సరిపోదు. కొసల్లో రంగు ఎంతో కొంత లోపలికి పాకుతుంది, తెల్ల భాగం అనుకున్న దానికంటే సన్నబడుతుంది. అందుకని గీతకు అటూ ఇటూ వెంట్రుకవాసి ఎక్కువ కట్టాలి. ఎంత ఎక్కువ అంటే, అది నూలు బట్టి, రంగు బట్టి, చెయ్యి బట్టి ఉంటుంది. ఇక్కత్‌లో అంచులు మసకగా, ఈకల్లా కనిపించేది ఈ పాకుడు వల్ల, నేసేటప్పుడు వచ్చే చిన్న జరుగుళ్ళ వల్ల. పూర్తిగా పోగొట్టలేం. ఎంతలో ఉంచాలి అన్నదే చేతి పనితనం.

మాస్టారికి చేతులు కొంచెం వణుకుతాయి, కట్టు పడలేదు. ఆయన గీతలు గీసే పని తీసుకున్నారు. అందరి పాయల మీదా స్కేలు పెట్టి గుర్తులు పెట్టింది ఆయనే. ఈ బ్యాచ్‌లో ఒక్క గుర్తు కూడా తప్పిపోలేదు. ఒకే ఇంట్లో ఒకరు గీసి, ఒకరు కట్టి, ఒకరు నేస్తేనే ఈ బట్ట అవుతుంది కాబట్టి, ఆయన్ను కట్టు కూడా నేర్చుకోమని బలవంతం చేయలేదు.

రంగు, నీళ్ళు

ఊళ్ళో పెద్ద పనులకు నూలు మీద వ్యాట్ రంగులు ఎక్కువ వాడతారు. వాటికి కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనం కావాలి. కొత్తవాళ్ళ చేతికి కాస్టిక్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. క్లాసులో చల్లనీళ్ళలో పట్టే రియాక్టివ్ రంగులు వాడతాం. రంగు నీళ్ళలో ఉప్పు వేసి నూలు అరగంట, తర్వాత బట్టల సోడా కలిపి మరో గంట. అయినా గ్లౌజులు తప్పనిసరి, పొడి రంగు కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. వంట గిన్నెలు అటువైపు రానివ్వం.

అక్కడి బోరు నీళ్ళు గట్టినీళ్ళు. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు, కానీ రంగు పనికి అడ్డొచ్చేది అది కాదు. నీళ్ళలో ఉండే సున్నం, అంటే కాల్షియం, మెగ్నీషియం. సబ్బు వేస్తే నురగ రాదు, తెల్లటి మడ్డి తేలి నూలుకు అంటుకుంటుంది. రంగు తొట్టిలో సోడా కలపగానే ఆ సున్నం విరిగి నూలు మీద పేరుకుంటుంది. రంగు కళ తప్పి మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా వచ్చాక, రంగుకు ఆ నీళ్ళే పట్టి పెట్టుకుంటున్నారు. బోరు నీళ్ళు మొదటి జాడింపుకు మాత్రమే. టైలరక్క ఇదంతా విని, తన షాపులో అస్తరు గుడ్డ రంగు ఎప్పుడూ కలవకపోవడానికి, తడిపి ఆరేశాక కళ తప్పడానికి నీళ్ళే కారణమా అని అడిగింది. కొంత వరకు అయ్యుండొచ్చు.

ఆదివారం సాయంత్రం ఒక చిన్న గొడవ. రంగులోంచి తీశాక వరస ఇది: చల్లనీళ్ళలో జాడించాలి, వేడి సబ్బునీళ్ళలో ఉతకాలి, కట్లు ఉండగానే ఆరబెట్టాలి, ఆ తర్వాతే విప్పాలి. నూలును పట్టుకోని రంగు చాలా మిగిలి ఉంటుంది, ముందే విప్పితే అది తెల్ల భాగానికి పాకుతుంది. సాఫ్ట్‌వేర్ దంపతులకు రాత్రికి హైదరాబాద్ చేరాలి. ఎంత చెప్పినా ఆగలేదు. తడి మీదే రెండు పాయలు విప్పారు. తెల్లగా రావలసింది గులాబీ రంగులో వచ్చింది. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. మర్నాడు పెద్దమ్మ ఆ పాయల్ని సబ్బునీళ్ళలో బాగా మరగబెట్టింది. చాలావరకు పోయింది. నూలుతో కలిసిపోయిన ఎరుపు అట్లాగే ఉంది, పైపైన అంటిన గులాబీ దిగిపోయింది. రంగు పట్టడం వేరు, అంటడం వేరు అని చెప్పడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు ఎప్పుడూ దొరకలేదు, ఇప్పుడు ఆ ఫోటోలు ప్రతి బ్యాచ్‌కూ చూపిస్తున్నాను.

మహబూబ్‌నగర్ అక్కాచెల్లెళ్ళు మిగిలిన రంగు నీళ్ళు సీసాలో పోసుకుని తీసుకెళ్తామన్నారు. సోడా కలిపాక ఆ రంగు కొన్ని గంటల్లోనే నీళ్ళతో కలిసి చచ్చుబడిపోతుంది. రంగు కనిపిస్తుంది గానీ నూలును పట్టదు. అట్లాగే తీసుకెళ్ళారు, షోకేసులో పెట్టుకుంటామని.

మధ్యలో వారం

నన్నడిగితే ఈ క్లాసులో అన్నిటికంటే ముఖ్యమైంది మేం లేని ఆ వారం. రెండు వారాంతాలూ పక్కపక్కనే నాలుగు రోజులు పెట్టిన బ్యాచ్‌లూ నడిపాను. వాటిలో చెయ్యి తిరగదు. ఇంటికి వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక చెక్క, రెండు మేకులు, మిగిలిపోయిన నూలు, ఒక సంచి ట్యూబు పట్టీలు ఇచ్చి పంపుతాం. రోజూ కాసేపు కట్టడం, విప్పడం. రంగు వద్దు.

టైలరక్క ఆ చెక్కను కుట్టుమిషన్ పక్కనే బిగించుకుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "ఇదేందక్కా?" అని అడిగితే చెప్తూ కట్టేదట. నకిరేకల్ అమ్మాయి హాస్టల్‌లో కట్టి గ్రూపులో ఫోటోలు పెట్టేది. మాస్టారు కొత్త గ్రాఫులు పంపేవారు, వాటిలో సగం నేయడానికి వీలుకానివి. సాఫ్ట్‌వేర్ దంపతులు రెండో వారాంతం రాలేదు. ఆఫీసు పని అన్నారు, కుషన్ కవర్ కొరియర్ చేయమన్నారు. పెద్దాయన నేసి పంపారు. బాగుందని మెసేజ్ పెట్టారు. వాళ్ళను తప్పుపట్టను. కానీ వాళ్ళ కవర్‌లో వాళ్ళు చేసిన పని ఎంత, పెద్దాయన సర్దిన పని ఎంత అని వాళ్ళకు ఎప్పటికీ తెలియదు.

మగ్గం మీద తేలింది

రెండో శనివారం కండెలు చుట్టి, వరస నెంబర్లు వేసి, నాడెలో (పేకను పడుగు మధ్య అటూ ఇటూ తీసుకెళ్ళేది) పెట్టాం. ఒక్కొక్కరు గుంట మగ్గంలో దిగి కాసేపు. కాళ్ళు, చేతులు, నాడె మూడూ కలవడమే కష్టం, డిజైన్ కుదరడం తర్వాతి మాట. ఆ తర్వాత పెద్దాయన కూర్చుని వాళ్ళ వాళ్ళ పేకలే నేస్తుంటే పక్కన నిలబడి చూడమన్నాం.

ప్రతి పోగు వేశాక ఆయన ఆగుతారు. ముందు వరస మీద గుర్తు ఎక్కడుందో చూస్తారు, అంచు దగ్గర నూలును చిటికెన వేలితో కొంచెం లాగుతారు, అప్పుడు పన్నెతో కొడతారు. మామూలు బట్ట నేసే వేగం ఇక్కడ పనికిరాదు. టైలరక్క డైమండ్ సగం దాకా చక్కగా వచ్చింది. సగం దాటాక కుడివైపు కొస పక్కకు జరగడం మొదలైంది. ఎడమ కొస సరిచేస్తే కుడిది పోతుంది, కుడిది లాగితే ఎడమది పోతుంది. పెద్దాయన మధ్యకు సర్ది, రెండు వైపులా తప్పు పంచేశారు. టైలరక్క దగ్గరికి వంగి చూసి "గుడ్డ క్రాస్ పోయినట్టుంది" అంది. సరిగ్గా అట్లాగే ఉంది. పాయలు పట్టుకుని వెనక్కి వెళ్తే, తప్పు సరిగ్గా భోజనం తర్వాత పోసిన మేకుల దగ్గర మొదలైంది.

అప్పుడు ఆమె ఒక మాట అడిగింది. "మరి నేను కొనే ఇక్కత్ గుడ్డలో కూడా ఇది ఉంటుందా?" ఉంటుంది. చేతితో చేసిన పేక ఇక్కత్‌లో ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్ళేసరికి ఎంతో కొంత జరుగుతుంది. ఆమె ఇన్నాళ్ళూ బ్లౌజు పక్క కుట్టు దగ్గర డిజైన్ కలపడానికి తంటాలు పడుతోంది. పక్కన కలిపితే ముందు మధ్యలో తేడా కనబడుతుంది. పేక ఇక్కత్‌లో ముందు మధ్య భాగం కలిపి కట్ చేసి, తేడాను చంక కిందికి నెట్టాలి. మసక ఎటువైపు ఉందో చూస్తే ఏ ఇక్కత్ అన్నది తెలిసిపోతుంది. పడుగు వెంట ఈకలున్నాయంటే పడుగు ఇక్కత్, అడ్డంగా ఉన్నాయంటే పేక ఇక్కత్, రెండు వైపులా ఉంటే డబుల్. వెనక్కి తిప్పితే రంగు సగమే ఉందంటే అది ప్రింటు. నల్లగొండ, మిర్యాలగూడ షాపుల్లో ఇక్కత్ పేరుతో వచ్చే పాలిస్టర్ ఎక్కువ శాతం ఇదే. ఆమె ఫోన్ తీసి షాపులో ఉన్న గుడ్డల ఫోటోలు ఒక్కొక్కటే చూపించింది. రెండు ప్రింటువని చూడగానే తెలిసిపోయింది. హోల్‌సేల్ వాడికి అక్కడి నుంచే ఫోన్ చేసింది.

ఆమె మగ్గం పెట్టుకోలేదు

ఇల్లు, షాపు, పిల్లల చదువు మధ్య ఆమెకు మగ్గం కుదరదని రెండో ఆదివారానికి ఆమెకే తెలిసింది. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. దాని బదులు ఒక ఆర్డర్ మాట్లాడింది, అది ఇంకా నడుస్తోంది.

మామూలుగా ఈ వైపు మగ్గం మీద ఒక పడుగు ఎక్కిస్తే ఏడెనిమిది చీరలు దిగుతాయి. డిజైన్ పడుగులో ఉంటే ఆ చీరలన్నిటికీ అదే డిజైన్. ఒక్క పీస్ వేరేగా చేయమంటే కుదరదు. కానీ పడుగు మామూలుదైతే, డిజైన్ పేకలోనే ఉంటే, ఎక్కడ కావాలంటే అక్కడ మార్చుకోవచ్చు. క్లాసులో చేసింది అదే కదా. ఆమె ఆ లెక్కే వేసింది. అంత పడుగులో మీటరు చొప్పున 40 బ్లౌజు పీసులు వస్తాయి. నాలుగు డిజైన్లు, డిజైన్‌కు పది పీసులు. డిజైన్ బట్టంతా ఉండదు, రెండు చేతుల అంచులకు సరిపోయే పట్టీ మాత్రమే, మిగతాదంతా సాదా. పది పీసులకు 20 పట్టీలు, ఆరు పోగుల చోట 120 పోగుల పాయ, ఒకసారి కడితే పది పీసులకు సరిపోతుంది. పెద్దమ్మ 120 అనగానే తల అడ్డంగా ఊపింది. పాయ అంత లావైతే లోపలికి రంగు పోదు, నడుమ తెల్లగా ఉండిపోతుంది. 60 చొప్పున రెండు పాయలుగా కడదామంది. కూలి ఆ మేరకు పెరిగింది. టైలరక్క ఒప్పుకుంది.

గ్రాఫ్ ఆమెదే. కట్టు, నేత ఈ ఇంటివాళ్ళవి. కుట్టు ఆమెది. మాస్టారు గ్రాఫ్ సరిచూసి ఫోన్‌లో పంపుతారు, ఫీజు అడగరు. పోచంపల్లి అని లేబుల్ వేయొచ్చా అని ఆమె అడిగింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తు వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. క్లాసులో చేసిన కుషన్ కవర్‌కైతే ఆ మాటే లేదు. బ్లౌజు పీసుల మీద "చేతితో కట్టి నేసిన పేక ఇక్కత్, కొయ్యలగూడెం" అని వేయమన్నాను. అది నిజం, ఆమె కస్టమర్లకు అంతే చాలు.

డబ్బు

క్లాసు జరిగే రోజుల్లో ఆ ఇంట్లో మగ్గం ఆగిపోతుంది. ఎవరో వచ్చి నేర్చుకుంటున్నారని నేతగాడి కూలి ఆగకూడదు. ఫీజులో సగానికి పైగా ఆ ఇంటికే వెళ్తుంది, ఆగిన మగ్గానికి కూలి అందులోంచి ముందే తీసి పెడతాం. అది కాక, ఈ బ్యాచ్ నుంచి పెద్దమ్మ కూలి విడిగా, ఆమె ఖాతాలోకే వేస్తున్నాను. ఇంతకుముందు అంతా కలిపి పెద్దాయనకు ఇచ్చేవాళ్ళం, ఎవరూ అడగలేదు కూడా. కరపత్రంలో శిక్షకుల వరసలో మొదట ఆమె పేరు వేశాం. పెద్దాయన చూసి "గంతే కద మరి" అన్నారు.

ఆర్డర్‌లో మొదటి పది పీసులు అమ్ముడుపోయాయి. రెండో డిజైన్‌కు ఎరుపు మానేసి నీలం పెట్టుకున్నారు. ఎరుపు మీద కస్టమర్లు "తడిస్తే దిగుతదా?" అని అడుగుతున్నారట. ఆ పీసులకు వాడింది వ్యాట్ రంగు, సరిగా ఉతికి ఇస్తే దిగదు. అయినా మొదటి ఉతుకు షాపులోనే చేసి, తెల్ల గుడ్డ మీద రుద్ది చూపించి అమ్ముదామని టైలరక్క అంది. మూడో డిజైన్ గ్రాఫ్ మాస్టారి దగ్గర ఉంది.